సంఘం నుంచి ఒకరిని వెలివేయాల్సి వస్తే: బల్ల దగ్గర ఆపండి, బావి దగ్గర కాదు

మా క్రైస్తవ సంఘంలో సంస్కారం (ప్రభువు భోజనం) ఇచ్చే ఆదివారం నాడు రొట్టె పళ్లెం వరసల వెంట చేతులు మారుతూ వస్తుంది. స్టీలు పళ్లెం, మీద తెల్ల గుడ్డ, గుడ్డ తీస్తే వేలిగోరంత ముక్కలు. కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం ఆ పళ్లెం నాలుగో వరసలో ఒకాయన దాకా వచ్చింది. ఆయన చెయ్యి చాపేసరికి వెనక నిలబడ్డ పెద్ద ఒకాయన వంగి "ఆయనకొద్దు, ఇటివ్వండి" అన్నాడు. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తర్వాత జేబులో పెన్ను సర్దుకుంటున్నట్టు వెనక్కి తీసుకుని, పాట మొదలవగానే లేచి వెళ్లిపోయాడాయన. గొడవ చీటీ డబ్బులది. అంతకుముందు శుక్రవారం రాత్రి కమిటీలో ఆయనకి బల్ల, అంటే ఆ సంస్కారం, ఆపాలని తీర్మానం చేశాం. చేశాం అని ఎందుకంటున్నానంటే ఆ పుస్తకంలో రాసింది నేనే, అప్పట్లో సెక్రటరీని. ఆయన్ని పిలిచి అడిగినవాడు మాలో ఒక్కడు లేడు.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికింది చదువుతూ, తెలిసినవాళ్లని అడుగుతూ వచ్చాను. మీ సంఘంలో అలాంటి పరిస్థితి వస్తే, మీరు పెద్దల్లో ఉన్నా, తప్పు మోపబడిన మనిషే మీరైనా, పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు "వెలి" అన్న మాట సంగతి చూద్దాం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం చివర మన తెలుగు బైబిల్లో "ఆ దుర్మార్గుని మీలోనుండి వెలివేయుడి" అని ఉంది. వెలి అన్న మాట మనవాళ్ల చెవిలో మామూలుగా పడదు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది తాతముత్తాతలు వెలివాడల్లో బతికినవాళ్లు, ఊరి బావిలో చేద వేయనివ్వని మనుషులు. అలాంటి వాళ్ల మనవలు కూర్చున్న గుడిలో పుల్పిట్ మీంచి "ఫలానా వారిని వెలివేశాం" అంటే జనానికి వినపడేది ఇక ఆ ఇంటికి నీళ్లు లేవు, నిప్పు లేదు, పలకరింపు లేదు అనే. ఆ పత్రిక రాసిన పౌలు చెప్పింది అది కాదు. ఇంగ్లీషులో ఎక్స్‌కమ్యూనికేషన్ అంటారు కదా, ఆ లాటిన్ మాటకి అర్థం సహవాసానికి బయట పెట్టడం. ఆ సహవాసానికి గుర్తు ప్రభువు బల్ల. అంటే ఇది బల్ల దగ్గర ఆపడం. బావి దగ్గర, అంగడి దగ్గర, ఆసుపత్రి దగ్గర ఆపడం వేరే పని, ఆ పని కులం చేస్తుంది. ఈ రెండూ కలిసిపోకుండా చూడటమే పెద్దల మొదటి బాధ్యత అని నా అభిప్రాయం.

మరి బల్ల ఎందుకు ఆపాలి? మత్తయి 18లో యేసు చెప్పిన వరస అందరికీ నోటికొచ్చు: ఒంటరిగా వెళ్లి చెప్పు, వినకపోతే ఇద్దరు ముగ్గురితో వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు, సంఘం మాటా వినకపోతే అన్యునిగా సుంకరిగా (పన్ను వసూలు చేసేవాడిగా) ఎంచుకో. ఈ వరసలో మనం చివరి మెట్టు మాత్రం పట్టుకుంటాం. మొదటి మెట్టులోనే "నీ సహోదరుని సంపాదించుకొంటివి" అని ఉంది. మనిషిని పోగొట్టుకోవడానికి కాదు, సంపాదించుకోవడానికి ఈ తతంగమంతా. ఇంకో కారణం సంఘం కాపుదల, పులిసిన పిండి కొంచెమైనా ముద్దంతా పులుస్తుందని పౌలు రాసింది అందుకే.

కతోలికుల చట్టంలో ఈ ఆలోచన ఇంకా స్పష్టంగా ఉంటుంది. వాళ్లు బహిష్కరణని మందులాంటి శిక్షల కింద పెట్టారు, అంటే రోగం తగ్గితే మందు ఆపాలి. మనిషి మొండితనం వదిలి పశ్చాత్తాపపడ్డాక శిక్ష ఎత్తేయకుండా కొనసాగించడానికి వీల్లేదు. మన కమిటీలకేమో "ఆరు నెలలు బల్ల ఆపడమైనది" అని రాయడం అలవాటు. ఆ మనిషి వారంలో ఏడ్చి ఒప్పుకుంటే మిగతా అయిదు నెలల మూడు వారాలు ఎందుకు? ఒప్పుకోకుండానే ఆరు నెలలు గడిపేస్తే బల్ల ఎలా ఇస్తారు? గడువు పెట్టారంటే అది జరిమానా, అంతే. ఇంకో సంగతి, కతోలికుల్లో బహిష్కృతుడు దివ్యసత్ప్రసాదం (మన బల్ల లాంటిదే) తీసుకోకూడదు కానీ అతని జ్ఞానస్నానం చెరిగిపోదు, ఆదివారం పూజకి వెళ్లాల్సిన బాధ్యత కూడా పోదు. చావు దగ్గర పడితే ఏ గురువైనా అతనికి పాపక్షమాపణ ఇవ్వొచ్చు. తలుపు మూసి గడియ మాత్రం పెట్టలేదన్నమాట.

తప్పు ఏ రకమో తేల్చుకోండి

సంఘంలో ఫిర్యాదు రాగానే అది అసలు సంఘం చూడాల్సిన విషయమేనా అని అడగండి. వేరే సంఘం ఉజ్జీవ కూటాలకి వెళ్లాడు, మందిరం కట్టడం లెక్కలు అడిగాడు, అయ్యగారి (పాస్టరు) మాటకి ఎదురు చెప్పాడు, ఇవి వెలికి కారణాలు కావు. నిజానికి లెక్కలు అడిగినవాడికి థాంక్స్ చెప్పాలి.

పౌలు 1 కొరింథీ 5లో ఇచ్చిన జాబితా ఒకసారి చూడండి: జారుడు, లోభి, విగ్రహారాధకుడు, తిట్టుబోతు, త్రాగుబోతు, దోచుకొనువాడు. ఇన్నేళ్లలో లోభి అని ఎవరికైనా బల్ల ఆపిన సంఘాన్ని నేను చూడలేదు. తిట్టుబోతులైతే కొన్నిచోట్ల కమిటీలోనే ఉంటారు. మన దగ్గర వేటు పడేది ఎక్కువగా ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్న ఆడపిల్ల మీద, అదీ వాళ్ల నాన్నకి సంఘంలో పలుకుబడి లేకపోతే. కొరింథులో పౌలు వేలు చూపించింది తండ్రి భార్యను ఉంచుకున్న మగవాడి మీద, ఆ ఆడమనిషి గురించి ఒక్క మాట కూడా రాయలేదు.

ఇక నేరం సంగతి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే మత్తయి 18 మెట్లు ఎక్కుతూ కూర్చోకండి. ముందు పోలీసులకి చెప్పాలి, పోక్సో చట్టం 2012 ప్రకారం తెలిసి చెప్పకపోవడమే నేరం. దెబ్బ తిన్న మనిషిని "నువ్వు ఒంటరిగా వెళ్లి అతన్ని గద్దించు" అని పంపడం కంటే ఘోరం లేదు. సంఘం చర్య తర్వాత తీసుకోవచ్చు, కేసుకి అడ్డం రాకుండా.

మొదటి మెట్టు: ఒక్కరే వెళ్లండి

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి బయట చెప్పుల దగ్గర పట్టుకుని అడగొద్దు. మధ్యలో ఒక సాయంత్రం ఇంటికి వెళ్లండి, టీ ఇస్తే తాగండి. "ఊరికే ప్రార్థన చేద్దామని వచ్చాం" అని మొదలుపెట్టి ప్రార్థనలోనే ఆయన తప్పులన్నీ దేవుడికి చెప్పే పద్ధతి ఒకటుంది, అది మానేయండి, మనిషి కళ్లు మూసుకుని ఉండగా కొట్టినట్టు ఉంటుంది. నేను ఇలా విన్నాను, నిజమేనా అని అడిగి, తర్వాత నోరు మూసుకుని వినండి. సగం గొడవలు ఇక్కడే తేలిపోతాయి, ఎందుకంటే సగం మనం విన్నది తప్పు.

విన్నది బయటికి పోకూడదు. మన సంఘాల్లో గుట్టు రట్టయ్యేది ప్రార్థన విన్నపాల్లోనే. "ఫలానా బ్రదర్ కోసం భారంగా ప్రార్థించండి, వివరాలు అడగొద్దు" అని వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పడితే చాలు, సాయంత్రానికి వివరాలన్నీ పక్క ఊరి సంఘానికి కూడా తెలుస్తాయి. ఆడవాళ్ల విషయమైతే అయ్యగారు ఒక్కరే వెళ్లకుండా అమ్మగారో, నోరు కట్టుకోగల పెద్దావిడో వెళ్లడం మంచిది.

రెండో మెట్టు: ఇద్దరు ముగ్గురు, మీ పక్షం కాదు

సాక్షులంటే మీకు బలం కోసం తీసుకెళ్లే జనం అనుకుంటారు. కాదు, వాళ్లు రెండు వైపులా విని, తప్పు మీదే అయితే మీకూ చెప్పగలగాలి. అవతలి మనిషి గౌరవించేవాళ్లు ఒక్కరైనా ఉండాలి. ఆయనతో ఆస్తి తగాదా ఉన్నవాళ్లు, పోయిన కమిటీ ఎన్నికల్లో ఆయన మీద పోటీ చేసినవాళ్లు వద్దు. గొడవ డబ్బుదైతే కాగితాలు చూడగలిగినవాడు ఒకడు ఉండాలి. మా చీటీ గొడవలో మేం చేయనిది ఇదే, ఆయన దగ్గర చీటీ పుస్తకం ఉందో లేదో కూడా చూడలేదు. ఈ మెట్టు మీద ఎంతకాలం ఆగాలో లెక్క లేదు, కానీ మూడు నాలుగుసార్లు వెళ్లినా తప్పు లేదు.

మూడో మెట్టు: సంఘం ముందుకి

ఇక్కడికి వచ్చారంటే మనిషి తప్పు చేశాడని మాత్రమే కాదు, చెప్పినా వినను అంటున్నాడని అర్థం. వేటు పడేది ఆ మొండితనం మీద. ముందుగా కాగితం మీద తెలియజేయండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"సహోదరులు ఫలానా గారికి. ఫలానా తేదీన ఒకసారి, ఫలానా తేదీన ఇద్దరు పెద్దలతో కలిసి ఒకసారి మీతో మాట్లాడిన విషయమై సంఘ సభ్యులు మీ మాట వినాలనుకుంటున్నారు. ఫలానా రోజు సాయంత్రం దయచేసి రండి. మీకు నచ్చిన ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. ఆ లోపు మీరు మాతో మాట్లాడాలనుకుంటే ఎప్పుడైనా, ఏ వేళకైనా రండి."

ఆ చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు, తీసేయకండి. మీటింగు సభ్యులకి మాత్రమే, పిల్లలు ఉండకూడదు, యూట్యూబ్ లైవ్ ఆపేశారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తప్పు పేరు చెప్పండి చాలు, కథ అంతా చదవక్కర్లేదు. ఆయన మాట్లాడేటప్పుడు మధ్యలో పాట ఎత్తుకోవద్దు (నవ్వకండి, చూశాను).

ఏది ఆపాలి, ఏది ఆపకూడదు

బల్ల ఆపండి. సండే స్కూల్ చెప్పడం, క్వయర్, కమిటీలో ఓటు, వాక్యం చెప్పే అవకాశం ఆపండి. అక్కడితో ఆగండి. గుడికి రావడం ఆపకూడదు, వాక్యం వినాల్సిన అవసరం ఇప్పుడే ఆయనకి ఎక్కువ. భార్యకి బల్ల ఆపకూడదు, ఆవిడ చేసిందేమీ లేదు. పిల్లల బాప్తిస్మం, పెళ్లి ఆపకూడదు. ఒంట్లో బాగోలేకపోతే చూడటానికి వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యం సమాధుల తోట. "రేపు నువ్వు చస్తే ఇక్కడ చోటివ్వం" అన్న బెదిరింపు కొన్ని సంఘాల్లో అన్ని గొడవల్లోనూ ఆఖరి అస్త్రం. అప్పటికి మనిషి ఉండడు, శవం పశ్చాత్తాపపడదు, ఏడ్చేది ఇంట్లోవాళ్లే. అలాంటిదానికి మందు అని ఎలా పేరు పెడతాం?

మరి పౌలు అలాంటివాడితో భోంచేయనుకూడదు అన్నాడు కదా అని అడుగుతారు. అన్నాడు. ఈ మాట మీదే 1693లో స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల అనబాప్టిస్టులు (పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలనే క్రైస్తవులు) రెండుగా చీలిపోయారు. వెలిపడినవాడితో ఇంట్లో బల్ల మీద కూడా తినకూడదని యాకోబ్ అమ్మన్ పట్టుబట్టాడు, ప్రభువు బల్ల దగ్గర ఆపితే చాలని అవతలివాళ్లు అన్నారు. అమ్మన్ మనుషులే ఈనాటి ఆమిష్‌లు. నేను రెండోవాళ్ల వైపు. అదే పౌలు థెస్సలొనీకయులకి రాస్తూ అతన్ని శత్రువుగా కాదు సహోదరునిగా ఎంచి బుద్ధి చెప్పండన్నాడు, బుద్ధి చెప్పాలంటే మాట్లాడాలిగా. పైగా "సుంకరిగా ఎంచుకో" అన్న మాట ఉన్నది ఏ సువార్తలో? స్వయంగా సుంకరి అయిన మత్తయి పేరున్న సువార్తలో. ఆయన ఇంటికి వెళ్లి యేసు ఏం చేశాడో 9వ అధ్యాయంలో చూడండి, భోజనానికి కూర్చున్నాడు.

కోపం ఎవరిదో చూసుకోండి

ఈ అధికారం చేతిలో ఉన్నవాళ్లు సొంత లెక్కలు తీర్చుకున్న కథలు చాలా ఉన్నాయి. పెద్ద పెద్దవాళ్లవే చెప్తాను. 1076లో పోపు ఏడవ గ్రెగరీ జర్మనీ రాజు నాలుగవ హెన్రీని వెలివేశాడు, బిషప్పుల్ని నియమించే హక్కు ఎవరిదనే తగాదాలో. మరుసటి జనవరిలో హెన్రీ కనోసా కోట బయట మంచులో మూడు రోజులు నిలబడితే పోపు క్షమించాడు, కానీ 1080లో మళ్లీ వెలివేశాడు, ఇద్దరి మధ్యా ఉన్నది రాజకీయం కాబట్టి మందు పనిచేయలేదు.

నాకు ఎక్కువ గుచ్చుకునేది మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కథ. మన మెదక్ కెథడ్రల్ కట్టించిన మిషనరీలు ఆయన వారసులే, కాబట్టి పరాయి కథ కూడా కాదు. అమెరికాలోని సవన్నాలో పాస్టరుగా ఉన్నప్పుడు సోఫీ హాప్కీ అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు, తేల్చుకోలేక నానుస్తూ ఉండగా ఆమె వేరే అతన్ని పెళ్లి చేసుకుంది. కొన్నాళ్లకి, 1737 ఆగస్టులో, ఆమెకి బల్ల నిరాకరించాడు. ఆయన చెప్పిన కారణాలు ఆయనకున్నాయి, ఆమె క్రమం తప్పుతోందనీ, బల్లకి వస్తున్నట్టు ముందుగా తెలియజేయలేదనీ. ఊరు మాత్రం నమ్మలేదు. ఆమె భర్త వెయ్యి పౌండ్లకి దావా వేశాడు, ఆ డిసెంబరులో వెస్లీ ఊరు వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆయన రూలు తప్పాడని నేననను. కానీ అలాంటి సందర్భంలో తీర్పు చెప్పే కుర్చీలోంచి లేచి ఇంకొకరికి ఇవ్వాలి. మీకూ అవతలి మనిషికీ పాత లెక్క ఏదైనా ఉంటే మీరూ లేవండి.

తప్పు అయ్యగారిదే అయితే? 1 తిమోతి 5లో దానికీ దారి ఉంది: ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద ఆరోపణ తీసుకోవద్దు, రుజువైతే అందరి ముందూ గద్దించు. మొదటి సగాన్ని పాస్టర్లు బాగా గుర్తు చేస్తారు, రెండో సగాన్ని మీరు గుర్తు చేయాలి. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అనేవాడు కనిపిస్తాడు, తన ప్రధానత్వం కోసం మంచివాళ్లని సంఘంలోంచి వెలివేస్తూ ఉంటాడు. రెండు వేల ఏళ్ల కిందటే ఉన్నాడు, ఇప్పుడు లేడనుకోవడం మన అమాయకత్వం.

వెలిపడింది మీరే అయితే

ఏ తప్పుకి, ఎవరు, ఏ తేదీన నిర్ణయించారో కాగితం మీద అడగండి. పెద్ద సంఘాలైతే పైన డయోసిస్ (బిషప్పు కింద ఉండే పరిపాలన) ఉంటుంది, అప్పీలు పెట్టుకోండి. కోర్టు సంగతి ముందే తెలుసుకుని ఉండండి: బహిష్కరణలు చెల్లవంటూ బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన చట్టాన్ని 1962లో దావూదీ బోహ్రాల (షియా ముస్లింలలో ఒక శాఖ) కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది, మత శాఖకి తన విషయాలు తాను చూసుకునే హక్కుందని. కాబట్టి "నాకు బల్ల ఇవ్వమని ఆర్డరు వేయండి" అని వెళ్తే గెలవడం కష్టం. ఇంటి మీదకి వచ్చినా, బెదిరించినా అది వేరే సంగతి, పోలీసు స్టేషనుకి వెళ్లండి. తప్పు నిజంగా చేసి ఉంటే మాత్రం లాయరు కంటే ముందు ఆ ఇద్దరు ముగ్గురిలో ఒకరికి ఫోన్ చేయండి, చాలామంది పెద్దలు ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తుంటారు.

అన్యాయంగా గెంటేస్తే యోహాను 9 చదువుకోండి. పుట్టుగుడ్డివాణ్ణి సమాజమందిరంలోంచి వెలివేశారని విని యేసు అతన్ని వెతుక్కుంటూ వెళ్లాడు.

తిరిగి చేర్చుకోవడం

దీనికి మన దగ్గర పద్ధతే లేదు. ఆపేటప్పుడు అందరి ముందూ ఆపుతాం, చేర్చుకునేటప్పుడు వెస్ట్రీలో (గుడి పక్క గదిలో) తలుపు వేసి చేతులు కలుపుతాం. ఎంతమంది ముందు ఆపారో అంతమంది ముందు చేర్చుకోవాలి. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో, శిక్షపడ్డ ఒక మనిషి గురించి, ఈ శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అని రాశాడు. ఆలస్యం కూడా తప్పేనన్నమాట. అలాగని మర్నాడే సెక్రటరీ కుర్చీలో కూర్చోబెట్టాలని కాదు, బల్ల వేరు, పదవి వేరు. డబ్బు తిన్నవాడికి బల్ల ఇవ్వండి, కానుకల పెట్టె తాళం ఇవ్వకండి.

మా చీటీ ఆయన ఇంటికి మేం వెళ్లడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఈసారి తప్పు ఒప్పుకోవాల్సింది మేమే. ఆయన చీటీ పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. సంస్కారం ఆదివారం నాడు అయ్యగారు అందరి ముందూ సంఘం తరఫున క్షమాపణ అడిగారు, పళ్లెం ఈసారి నేనే పట్టుకెళ్లాను. ఆరాధన అయ్యాక మినిట్స్ పుస్తకం తీశాం. పాత పేజీ చించేద్దామన్నారు ఒకరు, నేను వద్దన్నాను, దాని కిందే తేదీ వేసి తీర్మానం రద్దయిందని, విచారించకుండా చేసినందుకు కమిటీ బాధ్యత వహిస్తోందని రాసి ఆయన సంతకం కూడా పెట్టించాం. సంతకం పెట్టి పెన్ను మూత పెడుతూ, "సెక్రటరీ గారూ, చీటీ పాట పాడి డబ్బులు ఎగ్గొట్టినవాళ్లలో ఇద్దరు ఆ రోజు తీర్మానం కింద సంతకం పెట్టారు చూడండి, వాళ్లకి బల్ల ఆపకండి గానీ, నా డబ్బులు మాత్రం ఇప్పించండి" అన్నాడు.